హీటరు పాళి

ఈ చలికాలం వచ్చిన మొదటి కరెంటు బిల్లును మా కోడలు తిప్పి తిప్పి చదివింది. గీజరు, పిల్లల గదిలో రూమ్ హీటరు, పొద్దున వేణ్ణీళ్ళు, సాయంత్రం వేణ్ణీళ్ళు. పెరగక ఏం చేస్తుంది? ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఒక పద్ధతి చెప్పింది. ఇకనుంచి గీజరుకు వంతులు. హీటరు ఒక్క గదిలోనే, అందరూ అక్కడే కూర్చోవాలి. "అత్తమ్మా, మీకు సలి ఎక్కువ గదా, ఫస్టు వంతు మీకే పెడుతున్న" అంది. మంచి పిల్ల, ప్రేమతోనే అంది. నేనేమో పెళుసుగా, "నాకేం వంతులద్దు, మధ్యాన్నం ఎండల పెట్టిన నీళ్ళు పోసుకుంట" అని లేచి వచ్చేశాను. ముసలిదానికి మళ్ళీ కోపం వచ్చిందని పిల్లలు గుసగుసలాడుకోవడం వినపడింది.

కోపం కాదు. చలికాలం, కరెంటు, వంతు, ఈ మూడు మాటలు ఒక్కచోట వినేసరికి నా ప్రాణం ఎటో పోయింది. చిన్నప్పుడు మేము దాన్ని వంతు అనేవాళ్ళం కాదు, పాళి అనేవాళ్ళం.

మేము ఉండింది మంచిర్యాలకు అవతల, బొగ్గుబాయిల నడుమ, కంపెనీ కట్టించిన క్వార్టర్లలో. ఇండ్లన్నీ రైలు పెట్టెల్లాగా ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. అట్లాంటి వరసను లైను అనేవాళ్ళు. ముందు ఒక గది, వెనక ఒక గది, ఇంత వంటకొట్టు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అటు ఇంట్లో పోపు వేస్తే ఇటు ఇంట్లో మేము తుమ్మేవాళ్ళం. ఎవరింట్లో మొగుడూ పెండ్లాలు కొట్లాడుకున్నా తెల్లారి బోరింగు దగ్గర ఆ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని ఉండేది కాదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి బాయి సైరను కూసేది. మగవాళ్ళు పాళి ప్రకారం దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు. మా తిండీ నిద్రా బడీ అన్నీ ఆ కూత మీదే నడిచేవి.

ఆ ఇండ్లల్లో కరెంటుకు మీటరు లేదు. కరెంటు కంపెనీది. వాననూ ఎండనూ లెక్కపెట్టనట్టే దాన్నీ ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. పట్టపగలు బల్బులు వెలుగుతుండేవి. ప్రతి ఇంట్లో ఒక హీటరు ఉండేది. ఇప్పటి హీటర్ల వంటివి కావు. గుండ్రటి తెల్ల పలక, దాంట్లో చుట్టలు చుట్టలుగా గాడి, ఆ గాడిలో స్ప్రింగులాంటి తీగ. స్విచ్చు వేస్తే ఆ తీగ మెల్లగా ఎర్రబడేది. బువ్వ దానిమీదే, కూర దానిమీదే, చాయ్, తానం నీళ్ళు అన్నీ దానిమీదే. చలికాలం వచ్చిందంటే అది ఆరేదే కాదు. వంట అయినా దాని చుట్టూ కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం.

ఆ వాసనలు నాకిప్పటికీ పోలేదు. పాలు పొంగి ఎర్రటి తీగ మీద పడితే లేచే మాడు వాసన. చలికాలం మొదట్లో దాని మీది దుమ్ము కాలే వాసన. బొగ్గుల్లో కాల్చినట్టే కందగడ్డలను, అంటే చిలగడదుంపలను, ఆ పలక అంచుకు ఆనించి, తిప్పి తిప్పి కాల్చేవాళ్ళం. ఒక పక్క మాడిపోయి, ఇంకో పక్క పచ్చిగా ఉండేవి, అయినా కొట్లాడుకుని తినేవాళ్ళం. చింతగింజలు వేయించుకుంటే అవి టప్పున ఎగిరి ఎవరి ఒళ్ళోనో పడేవి. తడి చీపురు పుల్లతో తీగను గెలికి నేను ఒకసారి షాకు తిన్నాను. చెయ్యి భుజం దాకా ఝల్లుమంది. ఏడిస్తే అవ్వ, అంటే మా అమ్మ, వీపు మీద ఇంకొకటి వేసింది.

"దాంతోని ఆటలాడితే సస్తవ్. అది బువ్వ వెడుతది, పాణం గూడ తీస్తది, యాదికుంచుకో" అంది.

బొగ్గు తవ్వే ఊళ్ళో చలికి వణకడమేమిటని ఎవరైనా నవ్వవచ్చు. బొగ్గు ఉండేది. పాత డబ్బాకు మట్టి మెత్తి చేసిన పొయ్యిని సిగిడి అనేవాళ్ళం, వాకిట్లో దాని మీద నీళ్ళు కాగేవి. కానీ దాన్ని వాకిట్లోనే ఉంచాలి. సిగిడి లోపల పెట్టి తలుపులు మూసుకున్నవాళ్ళు తెల్లారి లేవరన్న సంగతి, భూమి కింద గాలి ఎట్లా ఉంటుందో ఎరిగిన మా ఇండ్ల మగవాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. పైగా మా బాపుకు, అంటే నాన్నకు, ఆ పొగ కొంచెం తగిలినా ఊపిరి పట్టేసేది.

మా బాపు బాయిలో బొగ్గు కొట్టేవాడు. ఆ దుమ్మంతా ఆయన రొమ్ములో చేరింది. ఎండాకాలం ఎట్లాగో తిరిగేవాడు గానీ గోదావరి మీది నుంచి మంచు దిగే దినాలు వచ్చాయంటే ఇక మంచం మీదే. నేను చెబుతున్న చలికాలం ఆయన సిక్కులో ఉన్నాడు, అంటే జబ్బు సెలవు మీద. సాయంత్రం అయ్యేసరికి ఛాతీలోంచి పిల్లి కూన అరిచినట్టు సన్నటి చప్పుడు వచ్చేది. అప్పుడు అవ్వ హీటరు మీద నీళ్ళు మరిగించి, ఇంత వాము, నీలగిరి తైలం చుక్క వేసి, బాపు నెత్తిన దుప్పటి కప్పి ఆవిరి పట్టేది. కాసేపటికి దుప్పటి లోపలి నుంచి బాపు గొంతు వచ్చేది. "ఏందే, నన్ను గూడ కుడుములెక్క ఉడకవెడుతున్నవా?" అంటే, ఊపిరి ఆడిందన్నమాట. ఊపిరిని ఆయన దమ్ము అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఆయన ఆ మాట అనేదాకా అవ్వ మాత్రం నవ్వేది కాదు.

గోడకు అవతలి ఇంట్లో ఒక ముస్లిం జంట ఉండేది, వాళ్ళను మేము ఖాలా, ఖాలూ అని, అంటే పిన్నీ బాబాయీ అని పిలిచేవాళ్ళం. ఖాలూ, బాపు ఒకే పాళిలో బాయి దిగేవాళ్ళు. ఖాలా పుట్టిల్లు జమ్మికుంట. పెండ్లయి చాలా ఏండ్లయినా ఆమెకు పిల్లలు నిలవలేదు. అందుకని మా లైను పిల్లలందరినీ పిలిచి ఏదో ఒకటి పెట్టేది. చలికాలం పొద్దున ఆమె ఇంట్లో ఖిచిడీ, దాంట్లోకి నువ్వుల ఖట్టా అనే పులుసు. దాని వాసనకు నేను బడి సంచి వేసుకుని కూడా ఆ గడప దగ్గరే తచ్చాడేదాన్ని. అవ్వ సర్వపిండి చేస్తే మొదటి ముక్క వెనక గోడ మీంచి అటు పోయేది. అవ్వను ఖాలా వదినె అనేది, ఖాలాను అవ్వ చెల్లె అనేది. ఆ ఏడు ఖాలాకు మళ్ళీ నెల తప్పింది. అవ్వ బయటికి ఎవరికీ చెప్పకుండా ఆమె చేత బిందె ఎత్తనిచ్చేది కాదు.

ఆ ఏడు చలి ముందుగానే వచ్చి, ముదిరింది. పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. ఇంటింటికీ హీటర్లు రేయింబవళ్ళు ఎర్రగా కాలుతూనే ఉన్నాయి. ఒకనాడు లైను మొత్తం చీకటైంది. భూమిలో పాతిన కేబుల్ కాలిపోయిందన్నారు. దాన్ని తవ్వి అతికించేదాకా అందరం వాకిట్లో సిగిళ్ళ చుట్టూ ముడుచుకుని, పొగకు కండ్లు తుడుచుకుంటూ గడిపాం. ఆ దినాల్లో బాపు పడుకోలేదు. గోడకు వీపు ఆనించి కూర్చునే కునికేవాడు.

కేబుల్ బాగయిన తర్వాత కరెంటు సారు జీపులో వచ్చి లైను ముందర నిలబడ్డాడు.

"హీటర్లు తగ్గించమంటే మీరు వినరు. మళ్ళీ ఒక్కసారి కేబుల్ కాలిందంటే ఇంటింటికీ మీటరు పెట్టిస్తాను. బిల్లు మీ జీతాల్లో కోత పడుతుంది. తర్వాత నా దగ్గరికి రావద్దు."

బిల్లు అనే మాట మా లైనులో అదే మొదటిసారి వినడం. లైను చివరి ఇంటి ముసలమ్మకు అది అంతుపట్టలేదు. జీపు పోయాక మా అవ్వను అడిగింది.

"బిల్లంటే ఏందే?"

"మనం వాడుకున్న కరెంటుకు మనం పైసలు కట్టుడు."

"మనం యాడ వాడుకున్నమే? అదే వస్తాంది గదా."

అందరూ నవ్వారు. జీతంలో కోత పడితే ఇంటి గతి ఏమిటో ఆడవాళ్ళకు తెలుసు. హీటరు లేకుండా ఆ చలి గడవదనీ తెలుసు. అప్పుడు మా అవ్వే బోరింగు గట్టు మీద కూర్చుని మాట తీసింది.

"బాయిల మొగోళ్ళకు మూడు పాళీలెందుకు వెట్టిండ్రు? అందరు ఒక్కపారి దిగితే బాయి పట్టది. కేబుల్ గూడ గంతే. మన హీటర్లకు సుత పాళీలు వెడదాం. ఒక సైరన్ నుంచి ఇంకో సైరన్ దాకా కొన్ని ఇండ్లే వెయ్యాలె. పాళి లేనోళ్ళు పాళి ఉన్నోళ్ళ ఇంట్ల కూసోవాలె, ఆన్నే వండుకోవాలె. ఎవరింటికి పోవుడు ఎవరికి నామోషి కాదు."

కొందరు గొణిగారు. పాళి లేని ఇంట్లో ముసలివాళ్ళ సంగతేమిటని ఒకరు, తానాలు ఎట్లా అని ఒకరు. అవ్వ అన్నిటికీ జవాబు చెప్పింది. చివరికి అందరూ సరే అన్నారు.

నిజం చెప్పాలంటే పిల్లలకు ఆ దినాలు పండగే. సైరను కూయగానే పుస్తకాలూ పళ్ళాలూ పట్టుకుని పాళి ఇంటికి ఉరికేవాళ్ళం. ఒకే హీటరు చుట్టూ నాలుగిండ్ల పిల్లలం, ఒకరి మీద ఒకరం పడి ఎక్కాలు చదివేవాళ్ళం. వెనకాల ఆడవాళ్ళు పప్పు ఏరుతూ బాయి ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళు. ఒకరి కూర ఉడికాక ఇంకొకరి గిన్నె ఎక్కేది. ఏ ఇంట్లో ఉప్పెక్కువో, ఏ ఇంట్లో నూనె తక్కువో నాకు ఆ చలికాలమే తెలిసింది. ఖాలా పాళి వచ్చిననాడు మాకు గోడ దూకినంత దూరం కాబట్టి బాపును కూడా అటే పట్టుకుపోయి ఆవిరి పట్టేవాళ్ళం.

మా అవ్వ మాత్రం పోలీసు అయింది. ఒకనాడు లైను చివరి ముసలమ్మ పాళి కాకున్నా కాళ్ళు కాపుకోవడానికి హీటరు వేసుకుంది. అవ్వ వెళ్ళి ఆ తీగను పలకలోంచి ఊడబీకి కొంగున ముడివేసుకుని వచ్చింది. ముసలమ్మ వాకిట్లో కూర్చుని, "నా కాళ్ళు కొంకర్లు వోతున్నయే, జర దయ సూడు" అని వేడుకున్నా ఇవ్వలేదు. "నీ ఒక్కదానికిస్తే అందరు అడుగుతరు" అంది. పాళి వచ్చినప్పుడే ఇచ్చింది. బాపు చూసి, "గంత గట్టిగుండద్దే" అన్నాడు. "గట్టిగుంటెనే లైన్ల కరెంటుంటది, కరెంటుంటెనే నీకు ఆవిరుంటది" అని అవ్వ జవాబు.

ఇంతలో ఖాలాకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. దవాఖానలో పనిచేసే సిస్టరమ్మ మా లైను వెనక చర్చి పక్కన ఉండేది. ఆమె వచ్చి పురుడు పోసింది. ఆడపిల్ల. అవ్వ చేతిలో చూస్తే, బిడ్డా గుడ్డా ఏదో తెలియనంత చిన్నగా ఉంది. ఏడుపు కూడా గోడ దాటలేదు. ఖాలూ ఆ చిన్న చెవి దగ్గర వంగి అజా, అంటే నమాజు పిలుపు, చెప్పాడు. బాయిలో కేకలు వేసి వేసి బండబారిన ఆయన గొంతు అంత మెల్లగా రావడం నేను అదే వినడం.

పెద్ద దవాఖానకు తీసుకుపోదామంటే సిస్టరమ్మ వద్దంది. ఆ మంచులో, లారీలోనో బస్సులోనో అంత దూరం పోతే దారిలోనే పోతుందని చెప్పింది. ఆమె చేసిన ఏర్పాటు ఇదీ. ఒక మేదరి గంపలో, ఖాలా పుట్టింటి నుంచి వచ్చిన కొత్త దూదిని మందంగా పరిచింది. అందులో బిడ్డను పడుకోబెట్టింది. పైన దండెం కర్రకు వైరు చుట్టి, పెద్ద బల్బు ఒకటి గంపలోకి వేలాడదీసింది. ఆ బల్బు వేడికి గంప లోపల గోరువెచ్చగా ఉండేది.

"గీ బల్బు ఆరద్దు. పాలకన్న ఎక్కువ గిదే దానికి మందు. ఒళ్ళు నిండేదాక గిట్లనే ఉండాలె" అంది సిస్టరమ్మ. వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళందరూ విన్నారు.

ఆనాడే అవ్వ మళ్ళీ బోరింగు దగ్గర అందరినీ పిలిచింది. పాళికి ఇంకో ఇల్లు తగ్గించింది. "ఆ పిల్ల గట్టెక్కేదాక మనం జర సలికి ఓర్సుకుందాం. కేబుల్ మీద బరువు ఉండద్దు" అంది. ఈసారి ఎవరూ గొణగలేదు. లైను చివరి ముసలమ్మ, "నా పాళి మొత్తమే తీసెయ్ బిడ్డ, నేను ఎవలింట్లనన్న కూసుంట" అంది. ఖాలాకు బాలింతలు తాగే హరీరా కాయడానికి కూడా ఎవరి పాళి ఇంట్లోనో రవ్వా బాదం ఉడికి గోడ మీంచి అటు పోయేది.

మమ్మల్ని దూరం నుంచి చూడనిచ్చేవాళ్ళు. గంపలో ఎర్రటి వెలుగు, దూదిలో గుప్పెడంత ముఖం. నిద్రలో పెదవులు చప్పరించేది. ఖాలా గంప పక్కనుంచి లేచేది కాదు. "సూడు బిడ్డ, నిన్నటికన్న బుగ్గ వచ్చింది గదా?" అని నన్ను అడిగేది. నాకు తేడా తెలియకపోయినా వచ్చిందనే చెప్పేదాన్ని. పేరు పెట్టే దినం ఇంకా రాలేదు. ఖాలా చాలా పేర్లు అనుకుంటుండేది, ఏదీ గట్టిగా పలికేది కాదు, దిష్టి అని.

ఆ సాయంత్రం పొద్దు గుంకకముందే మంచు దిగింది. ఎదుటి లైను కనపడలేదు. మా పాళి పొద్దున్నే అయిపోయింది. పాళి ఉన్న ఇల్లు లైను అటు చివర. బాపుకు మధ్యాహ్నం నుంచే ఊపిరి బిగుసుకుంటోంది. ముందు దగ్గు, తర్వాత ఆ పిల్లికూన చప్పుడు, తర్వాత ఆ చప్పుడు కూడా సన్నగిల్లింది. పెదవులు నల్లబడ్డాయి. ఏదో చెప్పబోయాడు గానీ మాట రాలేదు. గాలి కోసం మెడ నరాలు ఉబ్బి, కండ్లు బయటికి వచ్చాయి. అవ్వ వీపు రాస్తూ, "అటు తీస్కవోదామా?" అని నన్నే అడిగింది, నేనేదో పెద్దదాన్నయినట్టు. ఆయన నిలబడే స్థితిలో లేడు. ఆ మంచులో లైను చివరి దాకా పోతే పోయినట్టే. అక్కడి నుంచి మరిగిన నీళ్ళు తెమ్మని అవ్వ నన్ను గిన్నె ఇచ్చి ఉరికించింది. నేను తెచ్చేసరికి అవి గోరువెచ్చగా అయ్యాయి. ఆవిరి రాలేదు. వాకిట్లో సిగిడి అంటిస్తే ఆ పొగ మంచులో కలిసి లోపలికే వచ్చింది. బాపు రెండు చేతులతో అవ్వ కొంగు పట్టుకున్నాడు.

అవ్వ గోడ వైపు చూసింది. అవతల ఖాలా బిడ్డకు జోల పాడుతోంది. అవ్వ హీటరు ముందుకు లాగింది, గిన్నె పెట్టింది, స్విచ్చు వేసింది. టక్కుమంది. తీగ ఎర్రబడేదాకా అవ్వ నోట్లో నోట్లో ఏదో అనుకుంటూనే ఉంది. "ఒక్కటే. జర సేపే" అంటోందని నాకు తర్వాత అర్థమైంది.

నీళ్ళు మరిగాయి. దుప్పటి కింద బాపు ఛాతీ మళ్ళీ కదిలింది. మొదటి పెద్ద ఊపిరి నాకు వినపడింది. అవ్వ స్విచ్చు తీయడానికి చెయ్యి చాపింది. అంతలో మా బల్బు పచ్చగా మారింది, ఒకసారి వెలిగింది, ఆరిపోయింది. బయట ఎక్కడో భూమిలో దప్పుమని చప్పుడైంది. లైను మొత్తం చీకటి. జోల పాట ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగింది నేను ముక్కలు ముక్కలుగానే చెప్పగలను. లైనులో సిగిళ్ళన్నీ ఒకేసారి వాకిళ్ళలో అంటుకున్నాయి. నీళ్ళు కాచి సీసాల్లో పోసి, బట్టలు చుట్టి గంపలో బిడ్డ చుట్టూ పేర్చారు. అవి చల్లారుతుంటే ఇంకో ఇంటి సీసాలు వచ్చేవి. సిస్టరమ్మ బిడ్డను ఖాలా రొమ్ముకు ఆనించి, పైన దుప్పట్లు కప్పింది. మా అవ్వ సీసాలు మోస్తూనే ఉంది. చేతులు బొబ్బలెక్కినా కింద పెట్టలేదు. ఖాలూ జీపు కోసం మంచిర్యాల దిక్కు నడిచాడు. ఆయన జీపు తెచ్చేసరికి పొద్దెక్కింది, మంచు కూడా విడిచింది. సిస్టరమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆమె తల ఎత్తలేదు. ఖాలూ జీపు దిగకుండా అట్లాగే ఉండిపోయాడు.

బాపు లేచాడు. గోడలు పట్టుకుని, ఆగి ఆగి, ఆ చిన్న మూట వెనకాల గోరీల దాకా నడిచాడు. ఎవరు చెప్పినా ఆగలేదు.

కేబుల్ తవ్వడానికి వచ్చిన కరెంటాయన మా వాకిట్లో నీళ్ళు తాగుతూ, "ఒక్క హీటర్‌కు గిట్ల కాలదు. శానామందే వేసిండ్రు" అన్నాడు. బోరింగు దగ్గర ఆ మాట విన్న ఆడవాళ్ళు ఎవరి బిందె వైపు వాళ్ళు చూసుకున్నారు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. మా అవ్వ ఒక్కతే కాదు కదా. ఇంట్లోకి ఉరికి చెప్పాను. అవ్వ వంటకొట్టులో నుంచి ఇటు తిరగకుండానే, "ఎందరేస్తేంది. నేనేసిన" అంది. మా హీటరు తీగను ఊడబీకి, మళ్ళీ అతకడానికి లేకుండా ముక్కలు చేసి పెంటలో పారేసింది.

కరెంటు వచ్చింది. మీటర్లు కూడా వస్తాయన్నారు. పాళీల మాట ఎవరూ ఎత్తలేదు గానీ ఎవరూ హీటరు వేసే ధైర్యం చేయలేదు. ఖాలా తలుపు తెరవలేదు. మా ఇంటి నుంచి అటు గిన్నె పోలేదు, అటు నుంచి రాలేదు. బాపుకు మళ్ళీ ఊపిరి బిగిసింది. రెండో పక్కింటివాళ్ళను అడిగి ఆవిరి పడదామని అవ్వ అంటే, "నాకద్దు. నాకింక ఆవిరద్దు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన పోదామనే నిర్ణయించుకున్నాడని నాకు తెలిసిపోయింది. పిల్లలకు కొన్ని తెలుస్తాయి.

మధ్యాహ్నం సైరను కూసింది. పాత లెక్క ప్రకారం అది ఖాలా పాళి. తలుపు తోసుకుని ఆమే వచ్చింది, చేతుల్లో తన హీటరు. మనిషి సగమైంది. ఎవరినీ పలకరించలేదు. బాపు మంచం పక్కన పీట వేసి హీటరు పెట్టింది, మా కుండలోంచే నీళ్ళు ముంచి గిన్నెలో పోసింది, స్విచ్చు వేసింది. అవ్వ గోడకు జారగిలబడి నిలబడింది.

"వదినె, మా పాళి మీరు తీస్కోండ్రి. దాంతోని నాకేం పని లేదిప్పుడు."

అవ్వ నోరు తెరిచింది. మాట రాకముందే ఖాలా చెయ్యి ఎత్తి ఆపింది.

"నాకు చెప్పకు. గా దినం స్విచ్చు సప్పుడు నేను విన్న. ఆపుమందామని లేసిన, తలుపు దాక వచ్చిన. గప్పుడు అన్న దమ్ము గుంజుడు సుత ఇనొచ్చింది." ఆమె గిన్నెలోకే చూస్తూ అంది. "మల్ల పొయ్యి కూసున్న."

నీళ్ళు మరిగాయి. ఖాలాయే వాము వేసింది, ఖాలాయే బాపును లేపి కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. దుప్పటి కింద ఆయన భుజాలు అదిరాయి. ఊపిరికి అదిరాయో ఏడుపుకు అదిరాయో మాకు తెలియదు. అవ్వ నేల మీద కూలబడి, ఖాలా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఖాలా ఆమెను లేపలేదు, వదిలించుకోలేదు. నీళ్ళు అయిపోయేదాకా అట్లాగే నిలబడింది.

ఇప్పుడు ఆ లైను లేదు. మేమంతా తలోదిక్కు పోయిన తర్వాత అక్కడ బొగ్గు కోసం నేల మొత్తం తవ్వేశారు. ఇండ్లు, బోరింగు, చర్చి ఏవీ మిగల్లేదు. ఇంత పెద్ద గుంత, దాని అడుగున చీమల్లాగా లారీలు. బాపు ఆ చలికాలం గడిచాక ఇంకా కొన్నేండ్లు ఆ లైనులోనే బతికాడు. మీటర్లు వచ్చాయి, బిల్లులు వచ్చాయి. మా ఇంట్లో ఎవరూ వాటి గురించి నోరెత్తలేదు. పని మానేసిన తర్వాత కూడా బాపు ఎండ కాసే పూట కర్ర పట్టుకుని గోరీల దిక్కు పోయేవాడు. రాళ్ళు కూడా పెట్టని ఆ చిన్న గడ్డ పక్కన చాలాసేపు కూర్చుని వచ్చేవాడు. నమాజు తెలియదు, దండం పెట్టగా నేను చూడలేదు. ఒకసారి అన్నం తినే వేళ దాటిపోతే అవ్వ పంపింది, పిలవడానికి పోయాను.

"ఈడ కూసొని ఏం జేస్తవ్ బాపూ?" అని అడిగాను.

నా భుజం పట్టుకుని లేస్తూ చెప్పాడు.

"ఏం జేస్త బిడ్డా. దమ్ము తీసుకుంట కూసుంట."